భుజాన ఉన్న సంచి

తోతాపురి గుజ్జు పొంగి నేల మీద పారింది.
చిత్తూరు ఫ్యాక్టరీ నుంచి ఫోను:
"మేడమ్, మీ వాల్వు ముప్పావు సెకను నిద్రపోయింది."

నిద్ర కాదు.
పొద్దుణ్నుంచీ ఎవరూ అడగలేదని
నా పేజీని కెర్నెల్ డిస్కులోకి సర్దేసింది.
పిలిస్తే తెచ్చిచ్చింది పాపం,
తెచ్చేలోగా డ్రమ్ము నిండింది.

తిరుపతిలో రాత్రి రెండు. టీ కోసం కిందికి దిగాను.
బస్టాండు వెనక సందు, శనివారం రద్దీ.
లగేజీ గదిలో చెంగల్రాయులు
ఎవరూ అడగని సంచుల్ని ఒక్కొక్కటీ
నిచ్చెనెక్కి అటక మీదికి చేరుస్తున్నాడు.
కొత్తవాటికి చోటు కావాలి కదా.
ఒక్క పసుపు సంచి మాత్రం ఎక్కినా దిగినా
అతని భుజానే ఉంది.

"అదెందుకు పైన పెట్టలేదు?"
"అదో, బెంచీ మీద పండుకోనుండే పలమనేరాయన
ఆయాసం మందుమ్మా.
ఊపిరాడక లేసి చెయ్యి చాపితే
నేను నిచ్చెన యాడుండాదని ఎతుక్కునేదా?"

"అయితే అన్నీ భుజానే తగిలించుకోరాదా?"
నవ్వినాడు. "అప్పుడు ఎక్కేది నువ్వా?"

నేను నవ్వలేదు.
ప్రోగ్రాం మొత్తాన్నీ మెమరీలో బిగించేసే లైను
పైన స్క్రీన్ మీద రాసి పెట్టే వచ్చాను.

టీ సగంలో వదిలి గదికి పోయి అది కొట్టేశాను.
వాల్వు మూసే ఆ ఒక్క పేజీకే తాళం.
నాలుగు వేల చిల్లర బైట్లు, అంతే.
మిగతాది పోతే పోనీ, వస్తుంది.

తెల్లారి చూస్తే
చెంగల్రాయులు స్టూలు మీదే కునుకుతున్నాడు
నోరు తెరుచుకుని,
సంచి పట్టీ భుజం మీంచి జారి
మోచేతి దగ్గర ఆగి.