తాండూరు బండ

ఆగస్టు రెండో వారం, ముసురు.
ఫిజిక్సు ల్యాబు నుంచి మోసుకొచ్చిన బల్లకి
ఒక కాలు పొట్టి. దాని కింద
పోయినేటి ఫెస్టు కరపత్రం నాలుగు మడతలు పెట్టాం.
ఇటువైపు మేం నలుగురం,
మెడలో ఆవపిండి రంగు చున్నీలు.
అటువైపు ఒకటే కుర్చీ.

సహేలి అంటే ఏమిటో
నారాయణగూడలో మా గేటు ముందు జామకాయల అంజమ్మకీ తెలుసు.
చున్నీ ఉన్న పిల్లకి ఉప్పూకారం ఎక్కువ అద్ది ఇస్తుంది.
నూటా నలభై ఫారాలొచ్చాయి.
చున్నీలు పన్నెండు.

"నీ గురించి చెప్పు" అంటాను, నవ్వుతూ.
ఆ నవ్వు నాకు ముందటి సీనియర్ నుంచి వచ్చింది,
ఆమెకి ఇంకెవరి నుంచో.
కాగితానికి చెయ్యి అడ్డం పెట్టి
అంకె వేస్తాను.
పిల్లలు నా మొహం చూడరు, మోచేతినే చూస్తారు.

సోమవారం ఒకమ్మాయి గజ్జెలు లేకుండా కథక్ చేసింది.
ఒకమ్మాయి ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు.
ఫాతిమా జెహ్రా వాళ్లకి
మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీ,
డబ్బా నిండా బిస్కెట్లు తెచ్చింది.
అన్నీ తిన్నాక, "ఇది లంచం కింద రాదు కదా" అని నిహారిక అంటే
పొట్ట పట్టుకుని నవ్వాం.
ఎనిమిది వేశాం.

బుధవారం, కరెంటు పోయిన గంటలో
అనసూయ వచ్చింది.
ఈ కాలంలో ఆ పేరేమిటంటే
"మా నాయినమ్మదక్కా. ఆమె సచ్చిపొయ్యేటప్పుడు
నేను కడుపుల ఉన్న" అంది.
చెప్పులు గుమ్మం దగ్గరే విడిచింది.
కుర్చీలో కూర్చోలేదు.
ఉత్త కాళ్లతో నిలబడి నేలకేసి చూసి
"ఇవి మా దిక్కు బండలే, తాండూరువి.
మా నాయిన కోస్తడు గీటిని.
గీడ పచ్చగ జీర ఉన్నది సూడుండ్రి,
గది ఉంటె ధర తక్కువిస్తరు."

మూడేళ్లుగా ఆ గదిలో నడుస్తున్నాను.
వంగి చూడాలనిపించింది. బల్ల అడ్డం.

పాట రాదంది. డాన్సు రాదంది.
మరి ఎందుకు చేరతావంటే
"హాస్టల్ల రాత్రి ఎవ్వరు మాట్లాడరక్కా."

ఆమె వెళ్లాక నిహారిక పెన్ను కొరుకుతూ
"మంచిదేగానీ, వైబ్ రాలేదు" అంది.
వైబ్‌ని తెలుగులో ఏమంటారో నాకు తెలియదు.
అది లేకపోతే ఎలా ఉంటుందో తెలుసు.
మొదటేడు ఇదే వారం
దుబ్బాక నుంచి తెచ్చుకున్న నోటిని
బాత్రూం అద్దం ముందు నిలబెట్టి
"గిట్ల" కొట్టేసి "ఇలా",
"ఒస్త" కొట్టేసి "వస్తాను",
నాలుక ఎండిపోయేదాకా దిద్దాను.
ఎనిమిది వచ్చింది నాకు.

అబద్ధమెందుకు, చున్నీ చాలానే ఇచ్చింది.
డెంగీ వచ్చినప్పుడు పదకొండు రోజులు
నిహారిక వాళ్లమ్మ ఫ్లాస్కులో చారు పంపింది.
నా మంచం పక్కన ఈ ముగ్గురే
వంతులేసుకుని పడుకున్నారు.
అలాంటి వాళ్ల ముందు
ఒక అంకె కోసం ఎలా పోట్లాడను?

అనసూయకి ఆరు వేశాను.
ఏడు నుంచి తీసుకుంటున్నాం.

శుక్రవారం జాబితా అంటించాం. జిగురు నా వేళ్లకే.
అరుపులు, కౌగిలింతలు, ఫోన్లు.
ఒకమ్మాయి జాబితాను కింద నుంచి పైకి చదివింది,
మళ్లీ పైనుంచి కిందికి,
చెప్పులు చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం బస్సులో కాలు పెట్టే సందు లేదు.
చేతిలో జీరో టికెట్ తడిసి మెత్తబడింది.
"అక్కా, ఈడ కూసో."
కిటికీ వైపు జరిగింది అనసూయ.
సగం సీటు. సగం నేను గాల్లోనే.
చున్నీ తీసి బ్యాగులో కుక్కాను,
తడుస్తుందన్నట్టు.
"యాడ దిగుతవక్కా?"
"తార్నాక కాడ దిగుత."

అద్దం ముందు దిద్దని మాట
దానంతటదే వచ్చింది.
ఆమె నవ్వలే, వింతగ సూడలే.
విద్యానగర్ దాటినం.
ఏమన్న అడుగుతదేమో అనుకున్న, అడగలే.
అద్దం మీది ఆవిరి తుడిచి బయటికి సూస్తున్నది.

నా మాట నాకు వాపసొచ్చింది, గంతే.
ఆరు ఆరుగనే ఉన్నది.