కుట్టు లోపలి ఎరుపు

మే నెల మొదటివారం. హర్డాంగర్ కొండల మీంచి
మంచు ఇంకా దిగిరాలేదు,
ఆపిల్ తోటలు మాత్రం ఆగలేక పూసేశాయి.
నా కొట్టు తలుపు గంటకి తీరిక లేదు.
"హుక్కు అందడం లేదు రాగ్నా!"
"పోయినేడు సరిపోయింది, ఒట్టు!"
బట్టే కుంచించుకుపోయిందంటారు అందరూ.
అవునవును, అంటాను.
నలభై ఏళ్లుగా ఈ లోయలో
ఉన్ని మీద పడ్డన్ని నిందలు
ఏ మనిషి మీదా పడి ఉండవు.

బునాద్ అంటాం మేం దీన్ని.
పదిహేనో ఏట, పాదిరీ తలమీద చెయ్యి పెట్టి
ఇక పెద్దదానివి అనే రోజుకి
ఒక్కసారే కుట్టిస్తారు, బతుకంతటికీ కలిపి.
ఎర్ర రవిక, పూసల ఎదపట్టీ, నల్ల ఉన్ని పావడా,
నడిస్తే గలగలమనే వెండి పతకం.
ప్రతి కుట్టు లోపలా మూడు వేళ్ల బట్ట మిగులు.

కత్తెర పక్కన పెట్టు, అనేది మా అమ్మ.
మిగులు కొయ్యకు, మడిచి దాచు.
ఆ పిల్ల ఇంకా ఎరగని
ఓ ఆవిడ సొమ్ము అది.

నిన్న తురిద్ వచ్చింది. డెబ్బై రెండు.
కాగితం సంచిలోంచి తీసి బల్లమీద పరిచింది.
"ఎంత వదులు చెయ్యను?" అన్నాను అలవాటుగా.
"బిగించు," అంది,
కిటికీలోంచి ఫియోర్డ్ నీళ్లకేసి చూస్తూ.
నేనేం అడగలేదు.
అడిగేది కొలత టేపు. జవాబూ అదే చదువుకుంటుంది.

రవిక తిరగేశాను.
పక్క కుట్టు పొడుగునా పాత సూది దారులు.
చీమల బారులాంటిది మా అమ్మది.
దానికి అవతలిదీ అమ్మదే, పెళ్లినాటిది.
మూడోది నాది, కొంచెం వంకర,
అప్పటికి నాకు పని కొత్త.
బయట ఇటుకరంగుకి తిరిగిన గుడ్డ
ఒక్కో దారి దాటి లోపలికి పోయేకొద్దీ
ఎర్రబడుతూ పోయింది.
అట్టడుగున, ఎండే ఎరగని చోట,
ఇప్పుడే వేలు తెగినంత ఎరుపు.

పావడా పట్టీ దగ్గర సూది ఆగింది.
హుక్కుని పట్టుకున్నది దారం కాదు.
మందంగా, మెరుస్తూ, వల ముడులు వేసి ఉంది.
"ఇదేంటి?"
"గాలం తాడు," అంది తురిద్. మొదటిసారి నవ్వింది.

ఏడో నెలట. ఊరేగింపు డప్పులు వంతెన మీదికొచ్చేశాక
హుక్కు ఠప్పున ఊడిందట.
అప్పుడే పడవ దిగిన ఐవిన్
చేపల వాసన చేతుల్తో
వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడట.
"ఊపిరి బిగబట్టు, అన్నాడు.
బిగబట్టాను.
మధ్యాహ్నం దాకా వదల్లేదు."
అంతకు ముందుగానీ తర్వాతగానీ
అతను సూది పట్టలేదట.

నార దారం తప్ప ఇంకోటి తగలకూడదని నియమం.
చెవిపోగు ఏది, మేజోడు ఏది, గొడుగు ఏ రంగు,
అన్నిటికీ నియమం.
చూసి మూతి ముడిచేవాళ్లని
బునాద్ పోలీసులంటారు కుర్రకారు.
నేనూ ఆ పోలీసునే, దాచడమెందుకు.
ఒకసారి ఓ పిల్లని
మేజోళ్లు మార్చుకు రమ్మని
వీధిలోంచి ఇంటికి పంపించాను.

చిన్న కత్తెర తీశాను.
కాసేపు పట్టుకున్నాను.
పెట్టేశాను.
హుక్కు జోలికి పోకుండా
ఎదురుగా ఉన్న కొక్కాన్ని జరిపాను.

రవికకి పట్టు వేస్తూ వేస్తూ
నా దారి దాటాను, పెళ్లి దారి దాటాను.
అమ్మ చీమల బారు దగ్గర ఆగుతుందనుకున్నాను సూది.
ఆగలేదు. అర వేలు లోపలికి దిగింది.
ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

పదిహేడో తారీకు. వాన.
తడిసిన బాకాలు, తడిసిన జెండాలు,
ఐస్‌క్రీమ్ మాననే మానని పిల్లలు.
చర్చి గోడ పక్కనుంచి తురిద్ వచ్చింది,
వెండి బిళ్లలు గలగలలాడిస్తూ,
ఆపరేషనైన కళ్లకి ఇంత పెద్ద నల్లద్దాలు పెట్టుకుని.
బునాద్ మీద నల్లద్దాలు!
పక్కావిడ నన్ను మోచేత్తో పొడిచింది.
"చూశావా?"
"చూశాను," అన్నాను,
నడుముకేసి చూస్తూ.