నాలుగంగుళాలు

గొర్రెల కొట్టంలో పదకొండేళ్లు పడుకుంది
ఎర్లింగుర్ ముసలాయన పికప్.
రెండు చలికాలాలు బేరమాడితే
"ఈడ్చుకుపో, నా కళ్లెదుట లేకపోతే అదే చాలు" అన్నాడు.
అన్నవాడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

మంచులో కూరుకుపోకుండా నడవాలని
ఒకప్పుడు తనే ఎత్తు పెంచాడట దాన్ని:
ఇరుసుకీ స్ప్రింగుకీ మధ్య ఇనుప దిమ్మలు,
నా నడుము దాకా వచ్చే టైర్లు.
ఇప్పుడది ఎడమవైపుకి ఒరిగి
అప్పుడే పడవ దిగిన మనిషిలా నిలబడుతుంది.
అడుగుభాగాన్ని సముద్రపుప్పు తిన్నంత తిని వదిలింది.
స్క్రూడ్రైవరుతో పొడిస్తే
అప్పడంలా విరిగింది ఛాసిస్ అంచు.

నాది చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
అద్దె పోను, ఉన్నూర్ పళ్ల డాక్టరు పోను
మిగిలింది కాఫీ డబ్బాలో వేస్తాను.
డబ్బా నిండదు, బండి అడగడం మానదు.
ఈ వారం బ్రేకు గొట్టాలు.
వచ్చే వారం మళ్లీ బ్రేకు గొట్టాలే.
ఎత్తు పెంచిన బండికి పొడుగువి కావాలని
పొట్టివి కొన్నాక తెలిసింది.

పడవల షెడ్డులో పనిచేసే బోగ్దాన్
వెల్డింగుకి డబ్బులు వద్దన్నాడు.
ఐస్‌లాండ్ పన్నుల కాగితాలు
వాళ్ల పోలిష్ దేవుడికి కూడా అర్థం కావట,
అవి నింపిపెట్టమన్నాడు.
వంటగది బల్ల మీద నేను అతని ఆదాయం రాస్తుంటే
కొట్టంలో అతను నా బండికి ఎముకలు అతికాడు.
ఇద్దరి లెక్కా ఒకచోటే తేలింది: దాదాపు సున్నా.

తలుపు నీలం, రేవులో మునిగిన బండిది.
బానెట్ ఆకుపచ్చ.
వెనక పెట్టె అసలు రంగేమిటో తుప్పుకే తెలియాలి.
"బొంతలా ఉంది" అంది ఉన్నూర్,
ఆ మాట మెచ్చుకోలో కాదో చెప్పకుండా.

నవంబరులో కొండ వెనక్కి పోయిన సూర్యుడు
జనవరి ఆఖరుకి గానీ మా వీధికి రాడు.
కనుమ పైకి ఎక్కితే పది రోజుల ముందే కనిపిస్తాడు.
ఇంత పాటూ అందుకే.
ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

ఇంజను మొదటిసారి దగ్గిన రోజు
ఎర్లింగుర్ వచ్చాడు, ఊరికే అటు పోతున్నవాడిలా.
తలుపు తీశాడు. సీటు వైపు చూశాడు.
మోకాలు సగం దాకా లేచింది,
తర్వాత లేవలేదు.
బూటుకి అంటిన మంచు దులుపుకోడానికే
కాలెత్తినట్టు దులుపుకుని
"టైర్లు బాగున్నాయి" అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదంటే అబద్ధం.
షిఫ్టు అయ్యాక చచ్చినట్టు నిద్రపోయాను.
లేచాక మాత్రం జాకీ పట్టుకుని కొట్టంలోకి పోయాను.

దిమ్మలు తీసేశాను. నాలుగంగుళాలు దిగింది.
పెద్ద టైర్లు పక్క ఫియోర్డు కుర్రాడికి అమ్మి
సగం అరిగిన చిన్నవి కొన్నాను.
ఆ బేరంలో మొదటిసారి డబ్బా గలగలలాడింది.
ఇప్పుడేమో బ్రేకు గొట్టాలు పొడుగైపోయాయి.
తిట్టుకుంటూ వల తాడుతో పైకి కట్టాను.

ఎర్లింగుర్ చూశాడు.
"ఎవరు కుదించమన్నారు నిన్ను?
దీన్ని లేపడానికి ఒక వేసవంతా పట్టింది నాకు,
ఇంత పొట్టిదాన్ని చేసి గేదెలా కూర్చోబెట్టావా!"
తిట్టు సగంలో ఉండగానే
ఒక కాలు లోపల పెట్టాడు.
రెండోదీ పెట్టాడు.
సీటు బెల్టు వెతుక్కుంటూ మిగతా సగం తిట్టాడు.

కనుమ దగ్గర టైర్లలో గాలి తగ్గించాను.
ఉన్నూర్ మా ఇద్దరి మధ్య, ఒళ్లో పాన్‌కేకుల పొట్లం.
బండి ఇంకా కాస్త ఎడమకి ఒరుగుతూనే ఉంది.
చివరి మలుపులో ఒక పసుపు గీత
పగిలిన అద్దం మీద పడి మూడైంది.

ఎవరం మాట్లాడలేదు.
చాలాసేపటికి ముసలాయన
చేతులు చంకల్లో దోపుకుని అడిగాడు,
హీటరు ఎప్పుడు పనిచేస్తుందని.

కాఫీ డబ్బాని అడగమన్నాను.