మొదటి ముద్దతో

పలాస జీడి బట్టీలో
పదకొండేళ్లుగా పొట్టు తీస్తున్న చేతులివి.
ఇది గుండు, ఇది బద్ద, ఇది ముక్క,
చూపుతోనే చెప్పేస్తాను.
నూనె నా గోళ్లలో ఉంది, కొంగులో ఉంది,
ఒంట్లోనే నిలవలేదు.

తిన్నదంతా నీళ్ల మీద తేలిపోయేది.
నలుగురిలో చెప్పుకునే మాటా అది?
రెండు బకెట్లు కుమ్మరించినా వదలని జిడ్డు.
ఆ వాసనకి పక్కవాటా వాళ్లు
తలుపులు వేసుకునేవారు.
జాకెట్టు కుట్లు మూడుసార్లు లోపలికి వేశాను.
మా అత్త ఉప్పూ మిరపకాయలూ దిగదీసింది.
పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదు,
"దిష్టే" అంది.

శ్రీకాకుళంలో స్కానింగు.
"క్లోమంలో రాళ్లమ్మా" అన్నాడు డాక్టరు.
కడుపులో నాదంటూ ఒక బట్టీ ఉందనీ
అదెప్పుడో ఆరిపోయిందనీ
బస్సులో వస్తూ నాకు నేనే చెప్పుకున్నాను.

నెల తిరక్కుండా మళ్లీ వెళ్లాను.
"మందు పన్జెయ్యలేదు బాబూ."
"ఎప్పుడేసుకుంటున్నావు?"
"తిన్నాక, గంటాగి. అన్ని మందుల్లాగే."
ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.
"తిన్నాక కాదు, తింటూ.
మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఇంకోటి.
బండి వెళ్లిపోయాక టికెట్టు కొంటావా?"
టేసను పక్కన పుట్టినదాన్ని,
అర్థమైంది.

ఇప్పుడు ప్రతి కంచానికీ ఒక లెక్క.
పాల టీకి ఒకటి. పప్పన్నానికి రెండు.
కోడికూరకి మూడు.
గారెలకి? ఈసారి అడగాలి.
వేడికి మందు చచ్చిపోతుందట,
బట్టీకి తీసుకెళ్లను.
మూత బిగించి నీళ్లకుండ వెనక నీడలో దాస్తాను,
మధ్యాహ్నం కూటికి సరిపడా మటుకే
కొంగున ముడేస్తాను.

మందులషాపు కుర్రాడు నోరు జారాడొకనాడు,
పంది క్లోమంలోంచి తీస్తారంట.
ఢిల్లేశు నా వైపు చూశాడు,
నేను అత్త వైపు.
శుక్రవారం గుడ్డయినా ముట్టని మనిషి.
చాలాసేపు చేటలో బియ్యం ఏరింది.
ఒక రాయి దొరికితే గుమ్మం అవతలికి విసిరి
"గేటుకాడ కాలవలో తిరిగీ ఆ జీవమేనా?
దానికేటి, ఏటి తిన్నా అరాయించుకుంటాది.
నీకూ కూసింత ఇచ్చింది పాపం.
ఏసుకో" అంది.

మొన్న గోదాములో
డబ్బాలు తూచే కాటా ఎక్కాను.
ముప్పైతొమ్మిది నుంచి నలభైమూడు.
గుమస్తా పెన్సిలు చెవిలోంచి తీసి
"ఏ గ్రేడు రాయమంటావు?" అని నవ్వాడు.

"బద్దే" అన్నాను.
"కానీ నూనె ఉన్న బద్ద."