లాభం, రెండు, మూడు

పదిహేడో నంబరు కంప్యూటర్లో
సెమికోలన్ మీట అరిగిపోయింది.
నాకంటే ముందు ఎంతమంది ఇక్కడ కూర్చుని
వాక్యం ముగించడం మర్చిపోయారో.

మొదటి వారం
నా ఆరు వరసల ప్రోగ్రాం
ఇరవై మూడు తప్పులు చూపించింది.
ఆరింట్లో ఇరవై మూడెలా పడతాయని కళ్ళు తుడుచుకున్నాను.
కౌముది మేడమ్ వెనకనుంచి వంగి
ఒక్క బ్రాకెట్ మూశారు.
అన్నీ పోయాయి.
మా ఇంట్లో గొడవలు ఇలా పోవు.

పక్క సీటు రుత్విక్‌కి
ఎనిమిదో తరగతిలోనే ఇవన్నీ అయిపోయాయట.
"వేరియబుల్ అంటే డబ్బా అనుకో" అన్నాడు.
డబ్బా సంగతి నాకు చెప్తున్నాడు!
థర్మోకోల్ది, అడుగున ఐసు, పైన తడిగోనె.
ఫిషింగ్ హార్బర్లో తెల్లారుజామున నాలుగింటికి
మార్కరుతో పేరు రాసుంటేనే అది నీది.
పేరు లేని డబ్బాలో చెయ్యి పెడితే ఏమవుతుందో
పాపం, అతనికెవరూ చూపించలేదు.

నా వేరియబుల్స్ అన్నిటికీ చేపల పేర్లే:
కోనాం, చందువా, కానాగంత, నెత్తళ్ళు.
మేడమ్ నవ్వలేదు.
"ప్రతిచోటా ఒకే స్పెల్లింగ్ రాయి, చాలు."

నవంబరులో
హార్బరు మీద మూడో నంబరు హెచ్చరిక ఎగరేసిన రోజు
సగం క్లాసు రాలేదు.
ఆ రోజే అర్రే మొదలైంది.
పది తూకాలు ఇవ్వాలి, మొత్తం కూడాలి. అంతే.
ఇచ్చాను. కూడింది. తక్కువొచ్చింది.
మళ్ళీ కూడితే మళ్ళీ అంతే తక్కువ.
పదకొండు కిలోల కోనాం ఒక్కటి ఎక్కడో గల్లంతు.
లూపుని ఇంకో అడుగు ముందుకు తోస్తే
ఎవరిదో తెలీని తొమ్మిదంకెల సంఖ్య వచ్చి కలిసింది.
పక్కవాళ్ళ డబ్బాలో చెయ్యి పెట్టానన్నమాట.
హార్బర్లో అయితే ఈపాటికి జుట్టు పట్టుకునేవాళ్ళు.
ఇది అరవదు.
తప్పుడు లెక్క కూడా మర్యాదగా చూపిస్తుంది.

కిటికీలో వాన. డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడ్డం మానేసింది.
"కాగితం మీద గీసి, వేలితో నడిపించు" అన్నారు మేడమ్.
పది గళ్ళు గీశాను.
మొదటి గడి కింద రాయాల్సిన అంకె
సున్నా.

మా చినమ్మ నూకరత్నం బడికెళ్ళలేదు.
తట్టలు దించుతూ లెక్కపెడుతుంది,
లాభం... రెండు... మూడు...
ఒకటి అనదు.
చిన్నప్పుడు నేను అంటే
ఐసు చేత్తో, పొలుసులతో సహా, నోరు మూసింది.
"ఒకటంటే ఒకటి కాడే ఆగిపోద్దే గుంటా!"

మెషీను సున్నా అంటుంది, చినమ్మ లాభం అంటుంది.
మొదటిదాన్ని ఇద్దరూ ఒకటి అనరు.
నడుమ చదువుకున్నదాన్ని నేనే
ఒకటి నుంచి మొదలెట్టి
అసలు చేపని వదిలేశాను.

ఆ రాత్రి పెదజాలరిపేటలో కరెంటు లేదు.
ఫోన్ లైటు వెలుగులో చినమ్మకి చెప్పాను.
"సున్నాతోనా? బోణీకే సున్నా అంటే బేరం ఏటౌద్దే?"
కోపమే వచ్చింది.
గోడవార బోర్లించిన తట్టలున్నాయి.
మొదటిదాని పక్కన నిలబెట్టి అడిగాను,
ఈ తట్ట కాడికి ఎన్ని అడుగులెయ్యాలి?
"నిలబడ్డ సోటే ఉంది కదే."
తరవాతదానికి?
"ఒకటి."
దానవతలకి?
అడుగేసి చూసింది. ఇంకోటి వేసింది.
కాసేపు వాన చప్పుడే.

"అయితే అది లెక్క కాదే,
నడక."

మేడమ్ కూడా ఇంత బాగా చెప్పలేదు.

మర్నాడు ల్యాబులో మొత్తం సరిపోయింది,
కోనాంతో సహా.
లూపు సున్నాతో మొదలయ్యే వరస పక్కన
రెండు ఏటవాలు గీతలు గీసి
లాభం అని రాశాను.
ఆ గీతల తరవాత ఏం రాసినా మెషీను చదవదు.

రికార్డు దిద్దినప్పుడు మేడమ్ దాని మీద
ఎర్రపెన్నుతో ప్రశ్నార్థకం పెట్టారు.
ఇంకా వెళ్ళి చెప్పలేదు.