ఫాంటు దొరకలేదు

చిక్కడపల్లిలో, గానసభ వెనక సందులో,
జిరాక్సు మిషనుకీ గోడకీ మధ్య నా కుర్చీ.
శుభలేఖలు, దశదినకర్మ కార్డులు,
ఎన్నికలొస్తే కరపత్రాలు.
ఇరవై ఆరేళ్ళుగా ఇదే సందు,
కీబోర్డు మాత్రం ఐదోది.

అండాలమ్మ పాలపాకెట్ కవర్లోంచి సీడీ తీసింది.
"మా అన్న రాసిండు. మగ్గం మాటలు.
మీ దగ్గర్నే కొట్టించిండట, రెండువేల ఒకటిల."
సీడీ మీద స్కెచ్‌పెన్ రాత నాదే:
చెరిపల్లి రామ్‌నర్సయ్య, ఫైనల్ 3.

ఇప్పటి కంప్యూటర్‌కి సీడీ మింగే నోరు లేదు.
కింద మొబైల్ షాపు హిమ్మత్ భాయ్‌నడిగి
డ్రైవు తెచ్చి, వైరు కలిపితే
తెర మీద ఇది:

        «Õ’¹_¢ «Ö{©Õ

నూట నలభై పేజీలు ఇదే వాన.
తెగిన కొమ్ములు, నెత్తిన చుక్కలున్న ఓలు,
మెట్ల మీద తాళంచెవుల గుత్తి జారినట్టు.
తప్పు తన అద్దాలదేమోనని
అండాలమ్మ కొంగుతో తుడుచుకుంది.

"మాటలు పోలేదమ్మా," అన్నాను.
"అప్పట్లో మా కంప్యూటర్‌కి తెలుగు రాదు.
పరాయి అక్షరాలకు తెలుగు వేషం వేసి
వరసలో కూర్చోబెట్టేవాళ్ళం.
ఆ వేషాల పెట్టె ఇప్పుడు లేదు."

"అంటే మా అన్న రాసింది తెలుగు కాదా?"

జవాబు దొరక్క కన్వర్టర్ నడిపాను.
సగం తెచ్చింది.
పడుగు వచ్చింది, పేక వచ్చింది.
ఎత్వం రాలి కండె కాస్తా కండ అయింది.
వత్తులు వరస తప్పి
పక్క మాట కింద నిలబడ్డాయి.
ఒకచోట ఒక గుడి, పట్టుకోను హల్లు లేక,
చుక్కల సున్నాను కావలించుకుని ఉంది.
"ఇదేంది?"
"అక్షరం ఉండాల్సిన చోటమ్మా."

అటక మీంచి పాత కీబోర్డు దించాను.
మీటల మీది స్టిక్కర్లు బియ్యపుగింజంత మిగిలాయి.
దాని వైరు ఎలుకలు ఎప్పుడో తినేశాయి.
ఫాంటు మార్చడం మరిచిన రాత్రుళ్ళు
పేజీలకు పేజీలు ఈ వానలోనే కొట్టేదాన్ని,
తల ఎత్తకుండా.
కళ్ళకు తెలియదు. వేళ్ళకు తెలుసు.

తెర మీద ఒక గుర్తు చూడటం,
ఏ వేలు కదులుతుందో ఆగి చూడటం.
మూడు సాయంత్రాలు.
నేను చచ్చిన మీటలు నొక్కుతూ చెప్తుంటే
ఆవిడ నోటుబుక్కులో రాసుకుంది.
"ఆసు" అన్నప్పుడు పెన్ను పక్కన పెట్టి
గాల్లో చెయ్యి అటూ ఇటూ తిప్పింది,
కనపడని మేకులకు పోగు చుడుతూ.
ఆపడానికి కాసేపు పట్టింది.

"అచ్చు" దగ్గర ఇద్దరం తికమకపడ్డాం.
నాకు అచ్చంటే ప్రెస్సు,
ఆవిడకు పోగులు దూరే పళ్ళ చట్రం.
బడిలో మాత్రం ఇద్దరికీ అ ఆలే.

తొంభై మూడో పేజీలో ఒక మాట:
సొలిపె.
పోగు తెగేముందు చేసే చప్పుడు, అని అర్థం రాసి ఉంది.
అండాలమ్మ ఎన్నడూ వినలేదు.
ఆయన ఎక్కడ విన్నాడో,
తానే పెట్టుకున్నాడో,
ఆ రాత్రి పదకొండింటికి నా చూపుడువేలు జారిందో.
అడగడానికి ఆయన లేడు.
వేలు మళ్ళీ మళ్ళీ అదే చెప్తోంది,
తన తప్పైనా అదే చెప్తుంది.

"పొయ్యేటప్పుడు చప్పుడు జేస్తదా పోగు?" అనడిగాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"ఉండనియ్యి," అంది.

యూనికోడ్‌లో కొట్టాను.
కింద ఎర్ర గీత పడింది.
ఫైలుకు పేరు పెట్టమంది కంప్యూటర్.
ఫైనల్ 4.