నీళ్ళు చల్లేదాకా

శుక్రవారం నమాజయ్యాక యుద్ధం.
రాస్ అల్ ఖైమా దాటి, ఉప్పునేలలో,
సిమెంటు ఫ్యాక్టరీ పొగ కనపడకుండా
తడికలు కట్టిన వైపు.
ఐదింటికల్లా అందరూ చచ్చి, లేచి,
కత్తులు కార్ల డిక్కీల్లో సర్దేసుకోవాలి.
మున్సిపాలిటీ కాగితం అంతవరకే.

నేను పోయింది జనరేటర్ కోసం.
ఫిరంగికి పొగ పుట్టించే మిషను
పొద్దుటినించీ దగ్గుతా ఉందని ఫోనొచ్చింది.

ఏం మనుషులో!
బ్యాంకు క్యాషియర్ సాలెం షిహ్హీ
వాళ్ళ ముత్తాత చేతికర్ర తెచ్చుకున్నాడు,
కొసన అరచేతిలో పట్టేంత గొడ్డలి.
ఎవరికన్నా తగులుతుందని పదునుకి గుడ్డ చుట్టాడు,
చుట్టినందుకు ముత్తాతకి క్షమాపణ చెప్పుకున్నాడు.
పళ్ళ డాక్టరు ఫెర్గస్ ఎర్రకోట్ల దండుకి నాయకుడు.
ఎవరి గుండీ అయినా ప్లాస్టిక్‌దని తేలితే
పుచ్చిపన్ను చూసినట్టు చూస్తాడు.
రోవెనా, మనీలా నర్సు,
రాత్రి డ్యూటీలు దిగి దిగి
కోట్లు పద్నాలుగు కుట్టింది,
లోపలి అతుకులు కూడా చేత్తోనే.
లోపల ఎవరు చూస్తారమ్మా అంటే
"తొడుక్కుని చచ్చేవాడు" అంది,
పంటికింది దారం తియ్యకుండానే.

పద్నాలుగో కోటుకి మనిషి రాలేదు.
అజ్మాన్ దగ్గర వాడి కారు ఆగిపోయిందట.
ఫెర్గస్ నన్ను పైనించి కిందికి కొలిచి
"బొంబాయిలో ఓడెక్కిన సిపాయివి నువ్వు.
రెండో ఫిరంగి మోతకి పడిపోవాలి, అంతే" అన్నాడు.
నా పేరేందని అడిగా.
కాగితాలు తిరగేశాడు.
కెప్టెన్లకి పేర్లున్నాయి.
ఒక గుర్రానిక్కూడా ఉంది.
సిపాయిలు ఇంతమంది అని అంకె ఒకటుంది.
"నీ ఇష్టమొచ్చింది పెట్టుకో" అన్నాడు, చెవులు ఎర్రబడి.

అంకయ్య, అన్నా గట్టిగా.
మా తాత పేరు.

డాక్టరుకి తెలియంది ఒకటుంది:
పడటం నాకు ఒకరు నేర్పక్కర్లేదు.
కారెంపూడిలో, కార్తీక అమావాస్యకి,
మా ఇంటి ఆయుధం నాగులేటిలో తడిసి వీధిలోకొస్తే
మోసింది తాత, తర్వాత నాయన,
రెండేళ్ళు నేను.
డప్పు దరువు మారినప్పుడు మోకాళ్ళు ఎట్లా వదిలెయ్యాలో,
చెంప ఏ పక్క మట్టికి ఆనాలో,
కళ్ళు మూసుకోవడం కాదురా
కళ్ళు ఇచ్చెయ్యడం అని
తాత చెప్పిందంతా ఈ ఒంట్లో ఉంది.
తొమ్మిదేళ్ళుగా ఆ నెలలో సెలవు దొరకలేదు.
ఆయుధం ఇప్పుడు తమ్ముడి భుజం మీద.

మొదటి మోత.
ఇసకలో తూలుకుంటా పరిగెత్తా.
చుట్టూ అరుపులు, అరబీలో, మలయాళంలో,
ఎవరికీ అర్థంకాని ఫెర్గస్ ఇంగ్లీషులో.
పఠాన్ లారీ డ్రైవరొకడు
నవ్వాపుకోలేక రెండుసార్లు చచ్చాడు.
రెండో మోత.

వదిలేశా.

పెదాల మీద ఉప్పు.
మెడకింద కోటు అతుకు మెత్తగా.
ఆ పిల్ల చెప్పింది నిజమే.
ఎవరి కోటో, ఎవరి కోపమో తెలీకుండా
నెల జీతానికి సముద్రం దాటొచ్చి
ఇట్లాగే బోర్లాపడ్డవాడు
నా పక్కటెముకల కింద ఎక్కడో ఉన్నాడనిపించింది.
వాడిదీ కంపెనీ కొలువే.
నాదీ కంపెనీ వీసాయే.

ఈల ఊదారు. అయిపోయింది.
చచ్చినవాళ్ళంతా ఇసక దులుపుకుని
సమోసాల వైపు నడుస్తున్నారు.
నేను లేవలేదు.
మొండితనం కాదు.
పడ్డవాడు తనంతట తాను లేవకూడదు, మా ఇంటి పద్ధతి.
పేరు పెట్టి పిలవాలి,
మొహాన నీళ్ళు చల్లాలి,
అప్పటిదాకా వాడు ఇవతలివాడు కాదు.

అడుగులొచ్చి ఆగాయి.
వడదెబ్బ అనుకున్నట్టున్నాడు సాలెం,
నన్ను చంపాల్సిన వైపువాడు,
గొడ్డలికర్ర విసిరేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
"అన్‌కాయా" అన్నాడు ఒకసారి తప్పుగా,
ఇంకోసారి ఇంకా తప్పుగా,
తర్వాత సీసాలో నీళ్ళన్నీ
నా మొహాన గుమ్మరించాడు.

లేచాం ఇద్దరం.

కోటు తడిపేశారని
రోవెనా అవతల్నించి తిట్లు లంకించుకుంది.